అల్జీమర్స్ మతిమరుపు జబ్బే కదా, అమ్మకు నడకా గుటకా ఎందుకు తప్పుతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమ్మగారికి 73 ఏళ్లు. ఆరేళ్ల క్రితం అల్జీమర్స్ అని తేల్చారు. ఈ ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గారు. అడుగులు చిన్నవయ్యాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా కూర్చుంటున్నారు, నీళ్లు తాగితే పొలమారుతోంది. పది రోజులుగా పగలంతా మగతగా పడి ఉంటున్నారు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తున్నారు. "ఇది జ్ఞాపకశక్తికి సంబంధించిన జబ్బే కదా, ఒంటికి ఎందుకు పాకింది? ఇదే చివరి దశా?" అని అడిగారు.

నరాల వైద్యంలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ముందు సూటిగా జవాబు చెబుతాను. ఏడాదిగా నెమ్మదిగా వచ్చిన మార్పులు అల్జీమర్స్ వల్ల వచ్చినవే అయి ఉండవచ్చు. పది రోజుల మగతను మాత్రం ఆ జబ్బు ఖాతాలో వేయకండి. ఇవాళే డాక్టరుకు చూపించండి. ఈ జవాబులో మిగతాది వచ్చాక చదవవచ్చు.

ఆ మగత సంగతే మొదట. అల్జీమర్స్ నెలల్లో, ఏళ్లలో కదిలే జబ్బు. పోయిన వారానికీ ఈ వారానికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే దాని వెనక మరొకటి ఉంటుంది. ఇలా హఠాత్తుగా మనిషి మారిపోవడాన్ని వైద్యంలో డెలీరియం అంటారు. మెదడు ముందే బలహీనపడిన పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు, న్యుమోనియా వచ్చినా దగ్గు లేకపోవచ్చు. మగత ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఇలాంటప్పుడు నేను వెతికేవి: ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం పడిపోవడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, ఎక్కడో చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, తలకు దెబ్బ. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది.

కుటుంబాలు తరచుగా గమనించనివి రెండు ఉన్నాయి. మొదటిది పాత మందులే. అమ్మగారు ఎనిమిది కిలోలు తగ్గారు, తిండి సగమైంది. మరి షుగర్ మాత్ర, బీపీ మాత్ర ఉంటే వాటి మోతాదు ఎవరైనా తగ్గించారా? నా దగ్గరికి ఒక పెద్దావిడను "మూడు రోజులుగా లేవడం లేదు, ఇక అయిపోయినట్టే" అంటూ తీసుకొచ్చారు. రక్తంలో చక్కెర 48కి పడిపోయి ఉంది. రెండు పూటలు సరిగా తినకపోయినా షుగర్ మాత్ర మాత్రం వేళకు వేస్తూ వచ్చారు, ఎంతో ప్రేమగా, ఒక్క రోజు కూడా తప్పకుండా. గ్లూకోజు ఎక్కించాక అదే సాయంత్రం కళ్లు తెరిచి కోడలిని ఇంకెవరి పేరుతోనో పిలిచారు. ఆ ఇంట్లో అందరూ ఏడ్చేశారు.

రెండోది తలకు తగిలిన చిన్న దెబ్బ. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారికి అయిదేళ్లుగా అల్జీమర్స్. వారం రోజుల్లో నడక పోయింది, మాట పోయింది. చివరి దశ వచ్చిందని బంధువులు చూసి వెళ్లడం కూడా మొదలైంది. గుచ్చి గుచ్చి అడిగితే, మూడు వారాల కిందట స్నానాల గదిలో జారి పడ్డారని, నెత్తి కాస్త బొప్పి కట్టిందని చెప్పారు. స్కానింగులో మెదడు పైపొర కింద రక్తం గడ్డ కనిపించింది. మెదడు కుంచించుకుపోయిన వాళ్లలో మెదడుకూ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, దాన్ని దాటి వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి, వారాల తరబడి రక్తం కొద్ది కొద్దిగా చేరుతుంది. చిన్న ఆపరేషనుతో ఆ రక్తం తీసేశారు. ఆయన మళ్లీ నడిచారు. మతిమరుపు అలాగే ఉంది గానీ ఇంకో రెండేళ్లు వరండాలో కూర్చుని వీధిన పోయే పిల్లల్ని పలకరించేవారు.

మగతగా ఉన్నంతసేపు నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లతో సహా. "ఏమీ తినలేదే" అన్న ఆత్రంతో సగం నిద్రలో ఉన్న మనిషికి తాగించిన పాలు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్లమన్నది ఇందుకు కూడా.

ఇక మీ అసలు ప్రశ్న. "మతిమరుపు జబ్బు" అని మనం పెట్టుకున్న పేరే ఇక్కడ తప్పుదారి పట్టిస్తోంది. ఈ జబ్బును మొదట వర్ణించిన వ్యాసంలోనే శరీరం కథ ఉంది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలాయిస్ అల్జీమర్ అనే డాక్టరు అగస్టె డెటర్ అనే 51 ఏళ్ల మహిళను పరీక్షించాడు. ఆమెకు భర్త మీద కారణం లేని అనుమానం, సొంత ఇంట్లోనే తికమక, పేరు రాయమంటే మధ్యలో ఆగిపోవడం. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన ప్రచురించిన చిన్న వ్యాసంలో చివరి రోజుల గురించి కూడా రాశాడు: మంచంలో కాళ్లు ముడుచుకుని పడి ఉండేది, మలమూత్రాల మీద అదుపు లేదు, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పడక పుండ్లు పడ్డాయి. నూరేళ్లు దాటినా మనం మొదటి సగాన్నే గుర్తుపెట్టుకున్నాం.

లోపల జరిగేది ఇది. నాడీకణాల మధ్య బీటా అమిలాయిడ్ అనే ప్రోటీను ముద్దలుగా పేరుకుంటుంది. కణాల లోపల టౌ అనే మరో ప్రోటీను చిక్కుపడిన దారంలా ముడివేసుకుంటుంది. రెండోది వ్యాపించే దారి వెంటే రోగి లక్షణాలు నడుస్తాయి. సాధారణంగా అది కణతల లోపలి భాగంలో మొదలవుతుంది. కొత్త సంగతులను దాచిపెట్టే హిప్పోక్యాంపస్ ఉన్నది అక్కడే. అందుకే పొద్దున తిన్న టిఫిను గుర్తుండదు, పెళ్లినాటి సంగతులు గుర్తుంటాయి. తరువాత పక్క భాగాలకు, పైభాగాలకు పాకుతుంది. అప్పుడు మాటలు దొరకవు, దారులు తెలియవు, చేతిపనులు తప్పుతాయి. కదలికలను నడిపే భాగం చాలాకాలం తప్పించుకుంటుంది, చివరికి వంతు దానికీ వస్తుంది. ఇంట్లో వాళ్లు ఏళ్ల తరబడి "ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగా లేదు" అనుకోవడానికి కారణం ఈ వరుసే. మొదటి లక్షణానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. కాబట్టి మీ అమ్మగారి జబ్బు వయసు ఆరేళ్లు కాదు, పేరు పెట్టి ఆరేళ్లయింది.

నిజానికి శరీరం మధ్య దశలోనే చెబుతుంది, మనం వినం. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం తప్పిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వేళ్లలో బలం ఉంటుంది, కండరం బాగుంటుంది. ఏ పని తరువాత ఏ పని చేయాలన్న పథకం చెరిగిపోతుంది. ఒక ఇంటి ఇల్లాలు రోజూ వాకిట్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసేవారు. చుక్కలు వరుస తప్పుతున్నాయని ఆమె కూతురు గమనించింది, మరచిపోవడం బయటపడటానికి దాదాపు ఏడాది ముందు. చూపు సంగతి కూడా ఇలాంటిదే. కళ్లు బాగానే ఉంటాయి, కనిపించినదాన్ని విడదీసి పోల్చుకునే పని మెదడుది. తెల్ల పళ్లెంలో తెల్లన్నం, పెరుగు కలిపి పెడితే పళ్లెంలో ఏముందో తెలియదు. ముదురు రంగు పళ్లెంలో పెట్టి చూడండి. గుమ్మం దగ్గర నల్లటి పట్టా గొయ్యిలా కనిపిస్తుంది, దాని ముందు ఆగిపోతారు. దాన్ని మొండితనం అనుకుని చేయి పట్టి లాగుతారు ఇంట్లో వాళ్లు, దాంతో రోగి పడిపోతారు.

పడిపోవడం గురించి ఒక్క మాట. ఈ జబ్బులో తుంటి ఎముక విరగడం ఒక మలుపు. అమెరికా మాజీ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ 1994 నవంబరులో తన జబ్బును ఉత్తరం రాసి ప్రజలకు తెలిపారు, 2001 జనవరిలో పడి తుంటి విరిగింది, 2004 జూన్‌లో న్యుమోనియాతో చనిపోయారు. ఆయనకు దేనికీ కొరత లేదు, అయినా దారి అదే. మీ ఇంట్లో రాత్రి స్నానాల గది దాకా లైటు వెలుగుతూ ఉండేలా చూడండి. చీర కాళ్లకు అడ్డం పడుతుంటే మొహమాటపడకుండా నైటీకి మార్చండి. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూడమని డాక్టరును అడగండి. నిలబడగానే బీపీ బాగా తగ్గిపోతుంటే బీపీ మందు గురించి ఆలోచించాలి.

బరువు తగ్గడానికి కారణం ఒక్కటి కాదు. వాసన తెలియడం తొలి దశలోనే మందగిస్తుంది, దానితో రుచి పోతుంది. ఆకలి వేస్తోందని గుర్తించడం తగ్గుతుంది. కొందరు రోజంతా ఇల్లు చుట్టబెడుతూ తిన్నదానికన్నా ఎక్కువ ఖర్చు చేస్తారు. పంటి నొప్పి, నోటిలో పుండు ఉన్నా చెప్పలేరు. జ్ఞాపకశక్తికి ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్ కూడా కొందరిలో వికారం తెచ్చి ఆకలి చంపుతాయి. అమ్మగారు ఇప్పటికీ వీటిలో ఏదైనా వాడుతుంటే, కొనసాగించాలా అన్నది తప్పక అడగండి. డొనెపెజిల్ నాడి వేగాన్ని కూడా తగ్గించి కళ్లు తిరిగేలా చేయగలదు. అయితే ఈ మందులను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

మింగడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి మీ అమ్మగారి ఆరోగ్యం ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. గుటక వేయడం మనకు ఆలోచన అక్కర్లేని పని. నిజానికి నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, శ్వాస ఒక్క క్షణం ఆగాలి, శ్వాసనాళం మూత పడాలి, ఆ తరువాతే ముద్ద దిగాలి. మొదట తప్పేది నాలుక చేసే పని. ముద్ద నోట్లోనే ఉండిపోవడానికి అదే కారణం, అమ్మగారు మారాం చేయడం లేదు. తరువాత మూత పడే వేళ తప్పుతుంది, అప్పుడు పొలమారుతుంది. ఇంకా ముందుకు వెళ్లాక పొలమారడం కూడా ఆగిపోవచ్చు, అది ఇంకా ప్రమాదం. దగ్గు రాకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతాయి.

మన ఇళ్ల అలవాట్లలో రెండు ఇక్కడ చాలా హాని చేస్తాయి. తల వెనక్కి వంచి, గ్లాసు ఎత్తి నీళ్లు పోయడం మానేయండి. తల వెనక్కి వాలితే శ్వాసదారి తెరుచుకుంటుంది. గడ్డం కాస్త కిందికి దించి, చెంచాతో కొంచెం కొంచెంగా ఇవ్వాలి. రెండోది చారన్నం. "మెత్తగా జారిపోతుంది" అని అందరూ పెట్టేది అదే. కానీ అందులో పల్చటి నీరు ఒకటి, విడివిడి మెతుకులు ఒకటి. నీరు ముందు జారిపోతుంది, మెతుకులు నోట్లో మిగులుతాయి. బలహీనపడిన గొంతుకు ఈ రెండిటినీ ఒకేసారి సంబాళించడం చాలా కష్టం. ముద్దపప్పుతో మెత్తగా మెదిపిన అన్నం, చిక్కటి రాగి జావ, గట్టి పెరుగుతో గుజ్జుగా కలిపిన అన్నం, పాలు పోయకుండా మెదిపిన అరటిపండు మేలు. మజ్జిగ, పల్చటి పాలు, కొబ్బరినీళ్లు వద్దు. నీళ్లు ఎంత చిక్కగా ఇవ్వాలన్నది మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. కొందరికి చిక్కటి నీళ్లు నచ్చక అసలు తాగడమే మానేస్తారు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, మీరు ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోండి. ఒక ముద్ద గుటక పడిందని గొంతు కదలిక చూశాకే మరో ముద్ద. అరగంట పట్టినా పట్టనివ్వండి. టీవీ ఆపండి. తిన్నాక మరో అరగంట కూర్చునే ఉండాలి. పూటపూటకూ నోరు శుభ్రం చేయండి, బుగ్గల్లో మిగిలిన మెతుకులతో సహా. లాలాజలం ఎలాగూ కొంత లోపలికి జారుతుంది, దానిలో క్రిములు తక్కువ ఉండేలా చూడటం మన చేతిలో ఉంది.

మూత్రం అదుపు తప్పడం మధ్య దశలోనే మొదలవుతుంది, మొదట్లో అది మరుగుదొడ్డి ఎక్కడో తెలియక జరిగేదే. రెండు గంటలకోసారి తీసుకెళ్తే చాలావరకు ఆగుతుంది. దీని కోసం ఆక్సీబ్యుటినిన్ వంటి మందు రాయించుకోకండి. అది డొనెపెజిల్ చేసే పనికి ఎదురు పని చేసి తికమక పెంచుతుంది. జలుబుకు కొనుక్కునే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు, సిరప్‌లూ అంతే. నిద్ర, మెలకువల గడియారం కూడా మెదడులోనే ఉంది, అది చెడినందువల్లే సాయంత్రం అలజడి, రాత్రి జాగారం. కొందరికి ఒళ్లు ఉలిక్కిపడినట్టు కుదుపులు, మూర్ఛలు వస్తాయి.

ఇక "చివరి దశా?" అన్న మాట. సాధారణ వరుస ఇలా ఉంటుంది: బట్టలు వేసుకోవడం, స్నానం, మలమూత్రాల అదుపు, తరువాత మాట. మాట అయిదారు పదాలకు కుదించుకుపోతుంది. దాని తరువాతే నడక పూర్తిగా పోతుంది, ఆ తరువాత ఆధారం లేకుండా కూర్చోవడం, ఆపైన చిరునవ్వు, చివరగా మెడ నిలపడం. ఈ వరుస నాకు ఎందుకు ముఖ్యమంటే, వరుస తప్పితే మరో కారణం వెతకాలి. వాక్యాలు వాక్యాలు మాట్లాడుతున్న మనిషి నడవలేకపోతున్నారంటే పక్షవాతమో, పార్కిన్సన్స్ తరహా జబ్బో, మోకాళ్ల అరుగుదలో, మందో అయి ఉంటుంది. మీ అమ్మగారికి మాట ఎంత మిగిలిందో మీరు రాయలేదు. అడుగులు చిన్నవయ్యాయన్నారు కాబట్టి, రాత్రి అలజడికి హాలోపెరిడాల్, ఓలాంజపిన్, రిస్పెరిడోన్ వంటివి ఇస్తున్నారేమో చూడండి. అవి ఒళ్లు బిగుసుకునేలా చేస్తాయి, మింగడాన్నీ పాడుచేస్తాయి, మగత తెస్తాయి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బులు ఉన్న వృద్ధుల్లో ఈ తరహా కొన్ని మందులు మరణాల ముప్పు పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. అవసరమైన చోట నేనూ రాస్తాను, అతి తక్కువ మోతాదులో, ఎప్పుడు ఆపుతామో ముందే చెప్పి.

ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే గొట్టం గురించి ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు. పది రోజుల మగతకు నయమయ్యే కారణం దొరికితే, కోలుకునే వరకు కొద్ది రోజులు గొట్టం పెట్టడం వేరు. జబ్బు బాగా ముదిరి మింగడం పోయినప్పుడు శాశ్వతంగా గొట్టం పెట్టడం వేరు. రెండో సందర్భంలో గొట్టం ఆయుష్షు పెంచుతుందన్న ఆధారం లేదు, న్యుమోనియానూ ఆపదు. లాలాజలం, కడుపులోంచి ఎగదన్నినది లోపలికి పోతూనే ఉంటాయి. పీకేస్తారని చేతులు కట్టేయవలసి వస్తుంది. వైద్యంలో నా మొదటి ఏళ్లలో నేనే చాలామందికి పెట్టమన్నాను. ఆ చేతులు కట్టేసిన మంచాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇప్పుడు, తినగలిగినంత చేత్తో తినిపించమనే చెబుతాను. ఆ దశలో తినకపోవడం వల్ల మనిషి వెళ్లిపోవడం లేదు, వెళ్లిపోయే దశలో తినడం తగ్గుతుంది. అయినా ఇది కుటుంబం కూర్చుని నిర్ణయించుకోవాల్సిన విషయం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఆసుపత్రి వరండాలో కాకుండా ముందే మాట్లాడుకోండి.

ఎంతకాలం అన్నది మీరు అడగలేదు, కానీ ప్రశ్న వెనక ఉందనిపించింది. జబ్బు తేలాక చాలామంది నాలుగు నుంచి ఎనిమిదేళ్లు ఉంటారు, కొందరు ఇరవై ఏళ్లు కూడా. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో బాగా ముదిరిన డిమెన్షియాతో సంరక్షణ కేంద్రాల్లో ఉన్న 323 మందిని పద్దెనిమిది నెలలు గమనించారు. సగానికి పైగా ఆ కాలంలో చనిపోయారు, 86 శాతం మందికి తినడంలో సమస్య వచ్చింది, 41 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. అమ్మగారు ఆ దశలో ఉన్నారో లేదో ఈ మగత తేలితే గానీ ఎవరూ చెప్పకూడదు. కొత్తగా వచ్చిన లెకానెమాబ్, డొనానెమాబ్ ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెబితే, అవి తొలి దశలో ఉన్నవారికే, వేగాన్ని కాస్త తగ్గించడానికే. వాటి కోసం పొలాలు అమ్ముకోవద్దు.

నొప్పి సంగతి మరవకండి. స్పర్శను గ్రహించే భాగం ఈ జబ్బులో చాలావరకు మిగిలే ఉంటుంది. అంటే నొప్పి తెలుస్తుంది, చెప్పడం పోతుంది. పక్క మార్చేటప్పుడు నుదురు ముడిపడితే, మూలిగితే, చేయి అడ్డం పెడితే అదే ఆమె మాట. వెనక నడుము కింద, మడమల దగ్గర, తుంటి పక్కన చర్మం రోజూ చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే. ఆ వైపు పడుకోబెట్టకండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి.

ఇవాళ వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, జలుబు మాత్రలూ ఆయుర్వేద పొడులతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. చివరిగా ఎప్పుడు విరేచనం అయింది, ఎన్నిసార్లు మూత్రం పోశారు, నెల రోజుల్లో ఎప్పుడైనా పడ్డారా అన్నవి కాగితం మీద రాసుకోండి. రక్తంలో చక్కెర, సోడియం, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, పడిన అనుమానం ఉంటే తల స్కానింగు అడగండి. "ఈ వయసులో, ఈ జబ్బుతో ఇవన్నీ ఎందుకు" అని ఎవరైనా అంటే, "పది రోజుల కిందట ఇలా లేదు" అన్న మాట గట్టిగా చెప్పండి. ఫలితాలు వచ్చాక సోడియం అంకె, మందుల పేర్లు, అమ్మగారు ఇప్పుడు ఎన్ని మాటలు మాట్లాడుతున్నారో ఇక్కడే రాయండి, చూసి జవాబిస్తాను.